రెండో బీపు

ముందే చెప్పేస్తున్నానండి, ఇది నేను పట్టపగలు, అబుదాబి ఎండలో, అంతమంది చూస్తుండగా, చేతిలో నిజం పిస్టల్ పట్టుకుని పరువు తీసుకున్న కథ. నా ఒక్కదాని పరువే అయితే పోనీలే అని ఊరుకునేదాన్ని. మా ముగ్గురిదీ కలిపి తీశాను. అసలు చెప్పే ఓపిక కూడా లేదు నాకు. కానీ నేను చెప్పకపోతే షబానా చెప్తుంది, అది చెప్తే పైన మసాలా చల్లి మరీ చెప్తుంది. ఆ బాధ కన్నా ఇదే నయం.

నేను నర్సునండి. మాది తుని. ఉద్యోగం ఇక్కడో ఆసుపత్రి ఐసీయూలో, ఉండేది బనియాస్‌లో. అలసట గురించి ఎవరికైనా ఏమైనా తెలుసుకోవాలనుంటే నన్నడగాలి. పన్నెండు గంటలు నిలబడి, బస్సెక్కగానే నిద్రపోయి, దిగాల్సిన చోటు దాటిపోయి, కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి నడిచొచ్చిన రోజులు బోలెడు. ఓసారి మా ఫ్లాట్ తలుపుకి తాళంచెవి పెట్టి, అది తిప్పేలోపు నిలబడే నిద్రపోయాను. గుర్రాలు అలా పడుకుంటాయంటారు. గుర్రానికైనా పండక్కి సెలవిస్తారేమో మరి.

అలాంటి మనిషిని తుపాకీ పోటీకి లాక్కెళ్ళిన ఘనత మా రత్నం అక్కది. ఆవిడది పాలకొల్లు, మా వార్డుకి ఇన్‌చార్జి, మా ఫ్లాట్‌లోనే ఉండేది. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఊళ్ళో ఇదే పని. కోవిడ్ రోజుల్లో పడ్డ అగచాట్లకి ఆవిడకి నిద్ర దూరమైపోయింది. కళ్ళు మూస్తే చాలు, మానిటర్లు మోగేవట. ఎవరో చెబితే ఊరి బయట షూటింగ్ క్లబ్బుకి ఓ రోజు వెళ్ళింది. ఇక వదల్లేదు. అట్ట బొమ్మలు నిలబెట్టి ఉంటాయి, బీపు మోగగానే నడుముకున్న ఒరలోంచి పిస్టల్ తీసి, నడుస్తూ, ఆగుతూ, వాటన్నిటినీ కొట్టాలి. గురితో పాటు వేగం కూడా లెక్కే.

"తుపాకీ పేలిస్తే నిద్ర పడుతుందా అక్కా?" అని ఎకసెక్కంగా అడిగాను.

"అక్కడా బీపేనే పిల్లా. కానీ ఒక్కటే బీపు. అది మోగితే ఎవరూ చచ్చిపోరు" అంది.

ఎకసెక్కం అక్కడే ఆపేశాను.

పోయినేడు అక్క ఉద్యోగం మానేసి శాశ్వతంగా పాలకొల్లు వెళ్ళిపోవడానికి నెలన్నర ఉందనగా, పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని నా మంచం పక్కన కూచుంది. అక్క ఊరికే టీ ఇచ్చే మనిషి కాదు. ఎవరి డ్యూటీ నా నెత్తిన పడిందో అనుకుంటూ లేచాను.

"క్లబ్బులో పోటీ పెడుతున్నారే. ఆడాళ్ళ టీముకి ముగ్గురుండాలి. నేనూ షబానా ఉన్నాం. నువ్వు కూడా రా."

షబానా అంటే మా ఫ్లాట్‌లో మూడో మనిషి. కడప పిల్ల, మా ఆసుపత్రి ల్యాబులోనే పనిచేస్తుంది.

"నాకు సూది తప్ప ఇంకోటి గురి చూసి పొడవడం రాదక్కా."

"నరం దొరకని ముసలాళ్ళకి ఒక్క పోటుతో పెట్టేస్తావు. అంతేసి అట్ట కనబడదా నీకు?"

"ఓడిపోతామక్కా."

"ఓడిపోవే! ఎవరొద్దన్నారు?" అని అక్క నా దగ్గరికి జరిగింది. "ఆడాళ్ళ టీములు మూడే వచ్చాయి. బహుమతులిచ్చే చోట మెట్లూ మూడే. చివరాఖర్న వచ్చినా మూడో మెట్టు మనదే. ఒక్క ఫొటో కావాలే నాకు. ఈ ఇరవై రెండేళ్ళ ఫొటోలు తీసి చూస్తే అన్నిట్లోనూ యూనిఫామే. ఇంటికెళ్ళాక గోడకి తగిలించుకోడానికి యూనిఫాం లేని మొహం ఒక్కటి వద్దా?"

ఇంతేనండి ఆవిడడిగింది. గెలిపించమని కాదు. పోటీలోంచి గెంటేయించుకోకుండా ఉండమని.

గెంటడం ఎలాగుంటుందో క్లబ్బులో మొదటిరోజే హమ్దీ సార్ చెప్పాడు. ఈజిప్టు మనిషి, కోచూ ఆయనే, పోటీలో రిఫరీ కూడా ఆయనే. మూడు భాషలు కలిపి ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు.

"సిస్టర్, గన్ ఉధర్" అని ఎదురుగా ఉన్న ఇసక దిబ్బ చూపించాడు. "ఆల్వేస్ ఉధర్. గన్ లెఫ్ట్ గయా, రైట్ గయా, పీఛే గయా... ఖలాస్. గో హోమ్."

"పొరపాటున తిరిగితే సార్? సారీ చెప్తే?"

"నో సారీ. వన్ గయా, ఫుల్ టీమ్ ఖలాస్."

ఈ దేశంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదేనండి. డ్యూటీ ఖలాస్ అన్న మాట కోసం పన్నెండు గంటలు ఎదురుచూస్తాను. అదే మాటకి భయపడే రోజు వస్తుందని నాకేం తెలుసు.

ఆ రోజు ఖాళీ పిస్టల్ ఒరలో పెట్టి నన్ను నిలబెట్టారు. హమ్దీ సార్ బీపు కొట్టే టైమర్ పట్టుకుని నా భుజం వెనక నిలబడ్డాడు.

"ఆర్ యూ రెడీ?"

"యస్ సార్."

"స్టాండ్ బై."

మా ఆసుపత్రిలో స్టాండ్ బై అంటే ఏంటో తెలుసాండి? పిలిచేదాకా ఇంట్లో పడుండమని. ఆ మాట చెవిన పడగానే నా ఒంట్లో ఎముకలన్నీ వదులైపోయాయి. పక్కనున్న బల్లకి హాయిగా చేరబడ్డాను. అప్పుడు మోగింది, బీపు.

నేనేం చేశానో చెబితే నమ్మరు. చటుక్కున వెనక్కి తిరిగి, ఆయన చేతిలో ఉన్న టైమర్ బటన్ నొక్కేసి, వార్డులో మానిటర్‌కి చేసినట్టే దాని నోరు మూయించి, మళ్ళీ వచ్చి బల్లకి చేరబడ్డాను.

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. నన్ను చూశాడు. "సిస్టర్... వై?"

"మోగింది కద్సార్!"

"అయ్యో, ఆఫ్ చేసిపెడ్తివి కదక్కా!" అంటూ షబానా నవ్వలేక నేలమీద కూలబడింది. రత్నం అక్క టోపీ మొహమ్మీదికి లాక్కుంది.

ఇక ఇంట్లో మొదలెట్టారండి నాకు వైద్యం. నడుముకి తువ్వాలు బిగించి అందులో గరిట దోపేవారు. మైక్రోవేవ్‌లో కాస్త కూర పెట్టి, నా వీపు దానివైపు ఉండేలా నిలబెట్టేవారు. అది మోగగానే వెనక్కి తిరక్కుండా, ఎదురుగా గోడ మీది క్యాలెండర్ వైపు గరిట ఎక్కుపెట్టాలి. మొదట్లో గరిటతో సహా మైక్రోవేవ్ దగ్గరికే పరిగెత్తేదాన్ని. "తిరక్కే! అది నీ బీపు, ముందుకి చూడు!" అని అక్క అరిచేది. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు వాచిపోయి, మెలకువో నిద్రో తెలియని స్థితిలో గరిట పట్టుకుని క్యాలెండర్‌ని బెదిరిస్తుంటే, ఇదేం బతుకురా నాయనా అని ఏడుపొచ్చేది. కూర మాత్రం రోజూ మాడిపోయేది.

అక్కకి నాకున్న జబ్బు లేదు. దానికి తిరగేసిన జబ్బుంది. ఇరవై రెండేళ్ళు విని విని ఆవిడకి మెలకువలో బీపు వినబడ్డం మానేసింది. క్లబ్బులో టైమర్ మోగినా అలాగే ప్రశాంతంగా నిలబడేది, ఎవరో పేషెంటు కదిలుంటాడు, అదే ఆగుతుందిలే అన్నట్టు. హమ్దీ సార్ దగ్గేవాడు. అప్పుడు ఆయ్ అని పిస్టల్ తీసి, ఒక్కటి కూడా పక్కకి పోకుండా అన్నీ నడిమధ్యలో కొట్టేది. గురికి ఫస్టు, టైముకి లాస్టు. అందుకే ఆవిడకి ఎప్పుడూ ఏ మెట్టూ దొరకలేదు.

ఎలాగైతేనేం, పిస్టల్ పట్టుకునే పద్ధతులన్నీ నేర్చుకుని, క్లబ్బువాళ్ళ పరీక్ష పాసై, పోటీకి తయారయ్యాను. ఆదివారం పొద్దున. శనివారం డ్యూటీ తాలూకు నిద్ర ఇంకా కళ్ళలోనే ఉంది.

రత్నం అక్క వంతు అయిపోయింది, ఎప్పట్లాగే దగ్గుతో సహా. షబానా చకచకా కొట్టేసింది. మిగిలింది నేను. నేను ఎన్ని తప్పినా ఫరవాలేదు, ఈ ఆట పూర్తి చేసి బయటికొస్తే చాలు, మూడో మెట్టు మాది.

"నా డిప్పలు పెట్టుకోవే" అని అక్క తన చెవి డిప్పలు తీసి నా తలకి తగిలించింది. "మంచి ఖరీదైనవి. పేలుడు వినబడదు గానీ చిన్నచిన్న చప్పుళ్ళన్నీ పెద్దగా వినబడతాయి. సార్ మాట బాగా వినబడుద్ది."

ప్రేమతోనే ఇచ్చిందండి పాపం. ఆ ప్రేమే మా కొంప ముంచింది.

"స్టాండ్ బై." నేను బల్ల వైపు చూడను కూడా లేదు. బీపు. తిరగలేదు! పిస్టల్ తీశాను. మొదటి అట్టకి రెండు తగిలాయి. రెండో అట్టకి రెండు. నడిచాను. గురికి నిలబెట్టిన ఇనప పళ్ళెం ఒకటి ఠంగుమని పడింది. నా గుండె పొంగిపోయింది. ఇది నేనేనా అనిపించింది. ఎన్నేళ్ళకో నాకు నిద్ర రావట్లేదు.

అప్పుడు మోగింది రెండో బీపు.

మాది కాదండి. మా ఎడంపక్క ఇసక గట్టు ఉంది, దానవతల ఇంకో గుంపు పోటీ పడుతోంది. అక్కడి టైమర్ అది. మామూలుగా అయితే వినబడనే వినబడదు. అక్క డిప్పలు దాన్ని తెచ్చి నా చెవిలో పెట్టాయి.

"బెడ్ ఫోర్!" అంది నా నోరు, నన్నడక్కుండానే. మెడ తిరిగింది. మెడతో భుజం, భుజంతో చేతులు, చేతులతో పిస్టల్.

"స్టాప్!"

హమ్దీ సార్ చెయ్యి నా మణికట్టు మీద ఉడుంపట్టు పట్టి, పిస్టల్‌ని మళ్ళీ దిబ్బ వైపు తోసింది. నేర్పిన బుద్ధి అదొక్కటైనా నిలిచి, నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. దేవుడికి స్తోత్రం. వెనక చూస్తున్న జనమంతా టపటపా కిందికి వంగిపోయారు. "యా అల్లా! సంపేస్తాది ఈయమ్మ!" అన్న షబానా కేక మాత్రం డిప్పల్లోంచి స్పష్టంగా వినబడింది.

తూటాలు తీయించాడు. ఖాళీ పిస్టల్ ఒరలో పెట్టించాడు. అప్పుడడిగాడు, నెమ్మదిగానే.

"సిస్టర్, వై లెఫ్ట్?"

"బీప్ ఆయా సార్."

"దట్ నాట్ యువర్ బీప్."

"మా దగ్గర ఎవరిదైనా మాదే సార్."

ఆయనకి అర్థమైందో లేదో తెలీదు. పాపం ఆయనకీ చెప్పడం ఇష్టం లేదు. "ఖలాస్, సిస్టర్" అన్నాడు.

టీము మొత్తం ఖలాస్. నేను అక్క ముందుకెళ్ళి నిలబడ్డాను. తిడుతుందేమో, తిడితే బావుండుననుకున్నాను. తిట్టలేదు. "నీళ్ళు తాగు, ఎండగా ఉంది" అంది. ఆ మాటకి నాకు ఏడుపాగలేదండి. అడక్క అడక్క ఒక్కటడిగిన మనిషి. దానికి కూడా నేనే అడ్డం పడ్డాను.

బహుమతుల వేళ రెండు టీములు రెండు మెట్లెక్కాయి. మూడో మెట్టు ఖాళీగా ఉండిపోయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే అక్క కూడా కొట్టింది. నేను మాత్రం ఆ మెట్టువైపు చూడలేక నా బూట్లు చూసుకుంటూ కూచున్నాను.

జనం వెళ్ళిపోయారు. పనివాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు. అక్క లేచి టోపీ సర్దుకుంది.

"పదండే."

"బస్సుకి ఇంకా టైముందక్కా" అంది షబానా.

"బస్సుకి కాదు. మెట్టుకి. ఎవడొచ్చి దింపుతాడో చూస్తాను."

ముగ్గురం మూడో మెట్టు ఎక్కాం. మెడలో పతకం లేదు, ఫొటో తియ్యడానికి మనిషి లేడు. షబానా తన ఫోన్‌ని ఎదురుగా కుర్చీలో, నీళ్ళ సీసాకి ఆనించి, టైమర్ పెట్టి పరిగెత్తుకొచ్చింది. "నవ్వల్లక్కా! అట్ల ఏడుపు మొగం పెట్టగాకు!" అంది నన్ను. అక్క నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఏడ్చిన అలసట, ఎండ అలసట, నిన్నటి డ్యూటీ అలసట, అన్నీ కలిసి నా కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఫోన్ లెక్కపెట్టడం మొదలెట్టింది. బీపు. బీపు. బీపు.

మీకు అర్థమైపోయే ఉంటుంది. దిగి వెళ్ళి ఆపేశాను.

ఆపే లోపలే ఫొటో పడిపోయింది. ముప్పాతిక వంతు నా అరచెయ్యే. ఓ మూల షబానా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉంది. నా వేళ్ళ సందులోంచి రత్నం అక్క. ఆవిడకి బీపు ఎలాగూ వినబడదు కదా, ఫొటో పడుతోందని తెలీదు. మెట్టు దిగి పరిగెడుతున్న నన్ను చూసి, పొట్ట పట్టుకుని, వెనక పన్నుదాకా కనబడేలా నవ్వుతోంది.

"ఇంకోటి తీస్తానుండక్కా" అంది షబానా.

అక్క ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది. "వద్దే, ఇదే చాలు. నేనిలా నవ్వుతానని నాకే తెలీదు" అంది.

ఆ ఫొటో ఇప్పుడు పాలకొల్లులో అక్క ఇంట్లో, ముందుగదిలో, ఫ్రేము కట్టి ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ చెయ్యి ఎవరిదని అడుగుతారట. "మా వార్డు పిల్లది. చేతిలో తుపాకీ ఉన్నా సరే, బీపు మోగితే పేషెంటు దగ్గరికే పోతుంది" అని చెప్తుందట. ఫోన్‌లో ఆ సంగతి చెబుతూ మళ్ళీ అదే నవ్వు. నేనూ నవ్వాను గానీ, ఫోన్ పెట్టేశాక కాస్త ఏడ్చాను కూడా.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నానండి. ఇకమీదట నాది కాని బీపుకి ఈ మెడ తిరగదు. చేతిలో పిస్టల్ ఉన్నా, గరిట ఉన్నా, ఫొటోకి నిలబడ్డా, ఊరంతా ఒక్కసారి మోగినా సరే, ముందుకే చూస్తాను. ఈ ప్రమాణం రేపు పొద్దున ఏడింటి దాకా గట్టిగా అమల్లో ఉంటుంది. ఏడింటికి డ్యూటీ ఎక్కుతాను, అక్కడితో ప్రమాణం ఖలాస్.