కలిపిన మార్కులు

కోరుట్ల బస్సులో పక్క సీటావిడ నుదుటికి తలనొప్పి మందు రాసుకుంటుంటే, ఆ ఘాటుకు నర్సింహులు సారు గుర్తొచ్చారు. ఆయన నాకు ఒక్క పాఠం కూడా చెప్పలేదు. తంగళ్ళపల్లి దగ్గర మా ఊరి సర్కారు బడిలో నేను పది పాసయ్యాక, బదిలీ మీద హెడ్మాస్టరుగా వచ్చారు. ఎవరినీ నమ్మే మనిషి కాదు. చాయ్ తెచ్చి ఇచ్చినా ముందు వాసన చూసేవారు.

పది కాగానే చేర్చుకునే ఒక యూనివర్సిటీలో చేరాలనుకున్నాను. అక్కడ సర్కారు బడి పిల్లలకు కొన్ని మార్కులు కలిపేవారు. అవి కలిస్తేనే నాకు సీటు. దానికి సారు సంతకం కావాలి. సిరిసిల్లలో ప్రైవేటు బడికి పోతూ, ఆ మార్కుల కోసం ఊరి బడిలో ఉత్త పేరు నడిపించుకునేవాళ్లు కొందరుండేవారు. నా మార్కులు చూడగానే నేనూ ఆ బాపతే అనుకున్నారు సారు.

"నిజం చెప్పు. గీ బడిలనే సదివినవా?"

"ఈడనే సార్."

"గట్లయితే వానొస్తే ఎనిమిదో తరగతి ఏడ కూసుంటది?"

ఏడుపూ రోషమూ కలిసి వచ్చాయి నాకు. "వంటగది రేకుల కింద సార్. పప్పు ఉడుకుతుంటే లెక్కలు తలకెక్కయి."

సారు నుదుటికి మందు రుద్దుకుని, సంతకం పెట్టారు. "నా అనుమానం నీ మీద కాదు బిడ్డా, నీ జాగ మీద కన్నేసినోళ్ల మీద" అన్నారు. నేను నమ్మలేదు. ఆయన నన్నే అనుమానించారని ఇప్పటికీ అనుకుంటాను.

యూనివర్సిటీ హాస్టల్లో మమ్మల్ని 'కలుపు బ్యాచ్' అనేవారు. మార్కులు కలిపారు కాబట్టి కలుపు. చేనులో పీకి పారేసే కలుపన్నమాట. ఆ పేరు పెట్టింది నా పక్క మంచం అమ్మాయే. నెల తిరగకుండానే పెట్టె సర్దేశాను. ఇంట్లో చెప్పే ధైర్యం లేక సారుకు ఫోన్ చేసి ఏడ్చాను, ఓదారుస్తారని.

"రా, ఎవలొద్దన్నరు?" అన్నారు. "కాకపోతే నువ్వు లేస్తే నీ జాగల ఎవలు కూసుంటరో జర కనుక్కొని రా."

వాకబు చేశాను. ఆ పక్క మంచం అమ్మాయి పిన్ని కూతురు వెయిటింగ్ లిస్టులో ఉంది. ఒళ్లు మండిపోయింది. పెట్టె విప్పి బట్టలు మళ్లీ అరలో పెట్టుకున్నాను.

ఇప్పుడు జగిత్యాలలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సారు పోయి చాలా కాలమైంది. మొన్న స్టాఫ్‌రూములో తోటి లెక్చరరు ఒకాయన, నేను చదివిన యూనివర్సిటీలో సర్కారు బడి పిల్లలకు మార్కులు కలపబట్టే చదువులు చెడిపోతున్నాయని తెగ బాధపడ్డాడు. అందరూ అయ్యో అన్నారు.

నేను మాత్రం అడిగాను. "మీ బాబు ఈ ఏడే కదా సార్, పది పాసయింది?"