బ్రేకక్క బుగ్గల ఎరుపు

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను అందరూ బ్రేకక్క అనేవారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, రోడ్డు మీద జనాన్ని కాపాడటం ఆమె ఉద్యోగం. ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరగదు.

అలాంటి మనిషి ముఖం ఆ వేసవిలో కందగడ్డయింది. రెండు బుగ్గలూ, ముక్కు దూలమూ కలిసి రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఎర్రబడ్డాయి. అందరూ అది కోపమనుకున్నారు. నేర్చుకునేవాళ్ళు కిక్కురుమనకుండా గేర్లు మార్చసాగారు. ఒకాయన హారన్ కొట్టడానికి కూడా అనుమతి అడిగాడు. ఇంట్లో భర్త తన తప్పేమిటో తెలియక, ఎందుకైనా మంచిదని అంట్లు తోమడం మొదలుపెట్టాడు. అత్తగారు కొడుకును పక్కకు పిలిచి నిలదీస్తే అతను గబగబా కొన్ని తప్పులు ఒప్పేసుకున్నాడు. వాటిలో చాలావరకు అప్పటిదాకా ఎవరికీ తెలియనివే.

బ్రేకక్కకు నవ్వొచ్చింది గానీ, నవ్వితే బుగ్గలు మండాయి. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయేవి. చివరికి భర్తను వెంటబెట్టుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ రక్తం పరీక్ష చేయించి, చిన్న చర్మం ముక్క తీసి చూసి, లూపస్ అని తేల్చింది.

"మన కణాల్లో డీఎన్ఏ ఉంటుంది. ఎండకు చర్మంలో కణాలు చచ్చిపోతే అది బయటపడుతుంది. మామూలుగా ఒళ్ళే దాన్ని ఊడ్చేస్తుంది. మీ ఒంట్లో కాపలా ఉండాల్సిన యాంటీబాడీలు దాన్ని పరాయిదనుకుని పట్టుకుంటున్నాయి. రెండూ ముద్దకట్టి చర్మంలో పేరుకుంటున్నాయి."

"అంటే నా కుక్క నన్నే కరుస్తోందా?"

"కరిచి ఊరుకోవడం లేదు. ఆ ముద్దల్ని చూపించి వీధిలో కుక్కలన్నిటినీ పిలుస్తోంది. ఆ గోలే ఈ ఎరుపు, మంట."

పూర్తిగా పోయేది కాదనీ, మాత్రలు మానకుండా ఎండకు దూరంగా ఉంటే అదుపులో ఉంటుందనీ చెప్పింది. భర్త మాత్రం ఇది కోపం కాదు కదా అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. ఆ పూట అంట్లు సింకులోనే ఉండిపోయాయి. అవి చూసి ఆమెకు నిజంగానే కోపమొచ్చింది. ముఖంలో తేడా ఏమీ కనబడకపోవడంతో నోటితో చెప్పాల్సి వచ్చింది.

అసలు బెంగ ఉద్యోగం గురించి. ఎండలో తిరగకుండా కారెలా నేర్పాలి? తెల్లవారకముందూ, పొద్దుగూకాకా నేర్పుతానంది. ఆ వేళల్లో ఎవరొస్తారని యజమాని నసిగాడు. తీరా చూస్తే పగలు తీరికలేని వాళ్ళంతా ఎగబడ్డారు. చలికాలం వచ్చేసరికి బుగ్గల మంట చల్లారింది, అక్కడక్కడా మచ్చలు మిగిలాయి.

ఒక మధ్యాహ్నం ఆమె కర్టెన్లు వేసుకుని పడుకుని ఉండగా, ఆమె దగ్గర చీకటి వేళల్లో నేర్చుకుని కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న బట్టల కొట్టాయన కారు పక్కకు ఆపి ఫోన్ చేశాడు.

"అక్కా, పగటిపూట కారుతో రోడ్డెక్కడం ఇదే మొదలు. రోడ్డు మీద ఉన్నవన్నీ కనిపిస్తున్నాయి. భయమేస్తోంది."

ఏం కనిపిస్తోందని ఆమె నెమ్మదిగా అడిగింది. ఎదురుగా బస్సొకటి వస్తోందనీ, అంత పెద్దగా ఉంటుందనుకోలేదనీ అన్నాడు.

"నిన్న చీకట్లో కూడా అది అంతే ఉంది బాబూ. దాన్ని పోనిచ్చి బయల్దేరు."