సగం సగం కథల కోసం పాలమూరు, దేవరకొండ

కాచిగూడలో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కేటప్పటికే నా నడుం నొప్పి మొదలైంది. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి పాత బొమ్మల కథల పుస్తకాలు అమ్ముతాను. గాలిలో ఎగిరే వీరులు, ఒంటిచేత్తో రైలును ఆపే వీరులు, ముసుగేసుకుని దొంగల్ని పట్టే వీరులు. మిగతా రోజులు ఆ పుస్తకాల కోసమే ఊళ్లు తిరుగుతాను. తొంభైలు సగానికి వచ్చాయి. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక పిల్లలు వీటి వంక చూడటం మానేశారు. ఇప్పుడు కొనేది వాళ్ల నాన్నలే. అలాంటి ఒక బ్యాంకు ఆఫీసరు, తాను చిన్నప్పుడు చదివిన ఎగిరే వీరుడి వరసను మొదటి సంచిక నుంచి చివరిదాకా తెచ్చిస్తే మంచి ధర ఇస్తానన్నాడు. ఆ వరస దొరికితే ఈ తిరుగుడు మానేసి ఎక్కడైనా ఒక చిన్న దుకాణంలో కూర్చోవాలని నా ఆశ. పాలమూరులో, అదే మహబూబ్‌నగర్‌లో, పుస్తకాలు కిరాయికిచ్చే పాత దుకాణం ఒకటి ఉందని తెలిసి బయల్దేరాను.

ఈ దారిన వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎడమవైపు ఎండ కొడుతుంది. నాకు ఎడమవైపే దొరికింది. ఎదురుగా ఖాళీ గంపలతో ఒక పెద్దావిడ కూర్చుంది. పట్నంలో సీతాఫలాలు అమ్మి ఊరికి పోతోంది.

"ఏం కొనవోతున్నవు బిడ్డా?"

"పాత బొమ్మల పుస్తకాలమ్మా."

"పాతయా? పాతయి పిరమా?"

అవును, ఖరీదెక్కువేనన్నాను.

"గట్లైతే మా ఇంటాయనను గూడ కొనుక్కపో. ఆయన కంటె పాతది నీకేడ దొరకదు."

డబ్బా అంతా నవ్వింది. షాద్‌నగర్ దాటేదాకా నేనూ నవ్వాను. తర్వాత నడుం మళ్లీ పట్టేసింది.

రైలు మహబూబ్‌నగర్ చేరేసరికి పదకొండు దాటింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని, అడుగుతూ అడుగుతూ దుకాణం చేరాను. సగం దుకాణంలో గాజులు, నోటుబుక్కులు ఉన్నాయి. గల్లా దగ్గర షమీమ్ అనే యువతి కూర్చుంది. సంగతి చెప్పగానే, "మామా, పట్నంకెల్లి ఎవరో వచ్చిండ్రు" అని లోపలికి కేకేసింది.

లోపల మంచం మీద ఆమె మామ ఖాజామియా పడుకుని ఉన్నాడు. వానాకాలంలో మెట్ల మీద జారి తుంటి విరిగిందట. దవాఖానలో కట్టు కట్టి పంపారు గానీ కాలు ఇంకా నేల మీద ఆనడం లేదు. మంచం కిందనుంచి ఆయన ఒక ట్రంకుపెట్టె తీయించాడు. పుస్తకాలన్నిటికీ ఖాకీ అట్టలు, లోపల దుకాణం ముద్ర. నాకు కావలసిన వరస కనపడగానే నేల మీదే కూర్చుని ఏరసాగాను. నాలుగు పుస్తకాలు తిరగేసేసరికి సంగతి అర్థమైంది. ఒక్కో కథా రెండు సంచికల్లో నడుస్తుంది. అన్నీ మొదటి భాగాలే ఉన్నాయి, రెండోవి ఒక్కటీ లేదు.

"కడమయి ఏమైనయి భాయ్?"

"మా తమ్మునికాడున్నయి. దేవరకొండల." ఆయన పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "మా నాయిన పోయినంక పాళ్లు పంచుకున్నం. దుకాణం నాకొచ్చింది. పుస్తకాల కాడ లొల్లి అయింది. ఒకటి నీకు, ఒకటి నాకు అని పత్తాల లెక్క పంచిండ్రు పెద్దమనుషులు. గప్పటి సంది మాటల్లేవు."

"మీవి ఇస్తరా?"

"సగం సగమైతే అమ్మను. మా నాయిన పేరు ఖరాబైతది. యూసుఫ్ ఇస్తనంటె నేను గూడ ఇస్త." నేను లేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు. "తమ్మీ, నేను పడ్డ ముచ్చట వానికి చెప్పకు. జాలిపడి వస్తే నాకొద్దు."

బస్టాండులో కల్వకుర్తి బస్సు కదులుతుంటే ఎక్కాను. జడ్చర్ల దాకా నిలబడే ప్రయాణం. కల్వకుర్తిలో దిగేసరికి దేవరకొండ బస్సు వెళ్లిపోయింది. చాయ్ తాగి, వేరుశనగ బస్తాల మీద కూర్చుని తర్వాతి బస్సు కోసం చూశాను. రోడ్డంతా గుంతలు. దేవరకొండలో దిగేటప్పటికి చీకటి పడింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, బస్టాండు పక్క లాడ్జిలో పడుకున్నాను. నల్లులు నిద్ర పోనివ్వలేదు. ఈ వయసులో ఈ పని ఇంకెన్నాళ్లు చేస్తానని తెల్లవారేదాకా అనుకుంటూనే ఉన్నాను.

యూసుఫ్‌ది సైకిళ్ల దుకాణం. నేను వెళ్లేసరికి ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. అన్న పేరు చెప్పగానే ముఖం ముడుచుకున్నాడు.

"అమ్మేది లేదు. పోయి చెప్పు."

"ఆయన పంపలేదన్నా, నేనే అడిగిన. నువ్వు ఇస్తనంటె తాను గూడ ఇస్తనన్నడు."

"ఇస్తనన్నడా?" ట్యూబు పక్కన పెట్టాడు. "మా అన్న అమ్ముతనన్నడా? దుకాణంల ఎవరు కూసుంటున్నరు?"

"కోడలు కూసుంటున్నది."

యూసుఫ్ చేతులు తుడుచుకోవడం ఆపేశాడు. "మా అన్న గల్లా విడిచి లేవడు. జరమొచ్చినా లేవడు. ఏమైందాయనకు?"

చెప్పొద్దన్న మాట గుర్తుంది. కానీ ఆ ముఖం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను. "పడ్డడు. తుంటి ఇరిగింది."

అతను ఇంట్లోకి వెళ్లాడు. చాలాసేపటికి దుప్పట్లో కట్టిన పెద్ద మూటతో వచ్చాడు. బేరం కుదిరిందనే అనుకున్నాను. మూట నా చేతికివ్వలేదు. భుజాన వేసుకుని, దుకాణానికి తాళం వేసి, "నడువన్నా, కల్వకుర్తి బస్సున్నదేమో చూద్దాం" అన్నాడు.

నేను నల్లగొండ మీదుగా ఇంటికి వెళ్దామనుకున్నాను. నడుం అటే లాగింది, ఆశ ఇటు లాగింది. మళ్లీ అవే గుంతల దారిలో వెనక్కి బయల్దేరాను. దారి పొడుగునా యూసుఫ్ మూట ఒళ్లోనే పెట్టుకున్నాడు. కల్వకుర్తిలో చాయ్ తాగుతూ ఒక్క మాట అడిగాడు.

"నన్ను యాది చేసిండా?"

"పుస్తకాల ముచ్చటే చెప్పిండన్నా."

"గదే," అని నవ్వాడు. "నన్ను యాది చేసుడంటె గదే."

మధ్యాహ్నానికి మళ్లీ మహబూబ్‌నగర్. మమ్మల్ని చూసి ఖాజామియా నాకేసి ఒక్క చూపు చూసి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. యూసుఫ్ బాగున్నవా అనలేదు. మంచం చివర కూర్చుని మూట విప్పాడు.

"గా ఎగిరేటోడు పాడుబడ్డ బాయిల పడ్డడు గదా. ఎట్ల ఎల్లిండో చూసినవా?"

గోడవైపు నుంచే జవాబు వచ్చింది. "నువ్వు గుంజుకపోతివి. నేనెట్ల చూస్త?"

"ఇగో, చూడు."

ఖాజామియా మెల్లగా ఇటు తిరిగి, కళ్లద్దాల కోసం దిండు కింద తడిమాడు. పడుకుని పుస్తకం ఎత్తి పట్టుకోలేకపోతుంటే యూసుఫ్ కింద తన చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. పేజీ తిప్పడం కూడా అతనే. షమీమ్ చాయ్ తెచ్చి, ఎవరూ అందుకోకపోతే అక్కడే పెట్టి వెళ్లింది.

తర్వాత అన్నదమ్ములిద్దరూ ట్రంకు తీయించి, మొదటి భాగం పక్కన రెండోది పెడుతూ పోయారు. "ఇది నాయిన కర్నూలుకెల్లి తెచ్చిండు." "గాదు, రాయచూరుకెల్లి." ఆ గొడవ కూడా గొడవలా లేదు, ఖాజామియా నవ్వుతూనే ఉన్నాడు. నా కళ్ల ముందే మంచం మీద వరస పూర్తయింది. ఒక్క సంచిక తగ్గలేదు. పద్దెనిమిదేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను, అలా ఒక్కచోట మొత్తం వరసను ఎన్నడూ చూడలేదు.

పొద్దువాలుతుండగా, వరస ఇస్తారా అని అడిగాను. ఖాజామియా నొచ్చుకుంటున్నట్టు చూశాడు.

"ఇయ్యాల గాదు తమ్మీ. నేను లేసి నడిచినంక రా."

అమ్మననే దానికి అది మర్యాద మాట అని నాకు తెలుసు. మాట తప్పానని కోప్పడతాడేమో అనుకున్నాను. "చెప్పొద్దంటె చెప్పినవు" అని మాత్రం అన్నాడు. తర్వాత, రెండేసి ప్రతులున్న పుస్తకాలు ఏరి ఒక కట్ట కట్టించి నాకిచ్చాడు. వాటికి బేరం ఆడే ఓపిక నాకూ లేదు, వాళ్లకూ లేదు. గుమ్మం దాకా వచ్చిన షమీమ్, "వానల సంది మామ నవ్వుడు చూడలే" అంది.

ఆ రాత్రి స్టేషన్ దగ్గరి లాడ్జిలో చచ్చినట్టు నిద్రపోయాను. పొద్దున్నే తిరుగు రైలు. పక్కన బొంబాయి కూలికి పోయి సగంలోనే తిరిగొచ్చిన ఒక మనిషి కూర్చున్నాడు. చేతిలో కట్ట చూసి, "గింత దూరం వచ్చి గిదేనా కొన్నది?" అన్నాడు. అవునన్నాను. "నా లెక్కనే ఉన్నవు" అని పొగాకు నలుపుకున్నాడు.

బ్యాంకు ఆఫీసరుకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. వరస ఉంది, ఎక్కడుందో తెలుసు, తేలేనని చెబుతాను. ఆయన నమ్మడు. దుకాణం ఆశ ఇంకొన్నాళ్లు వెనక్కి పోయింది. వచ్చే ఆదివారం మళ్లీ అదే ఎండ, అదే ఫుట్‌పాత్. ఇన్నేళ్లలో ఎంతోమంది చేత పుస్తకాలు అమ్మించాను. ఒకరు అమ్మనన్నందుకు నా మనసు తేలికపడింది మాత్రం ఆ ఒక్కసారే. ఒళ్లు తేలికపడటానికి ఇంకో వారం పట్టింది.