కడ బంతి

మా మేడం పోయారని ఫోనొచ్చేసరికి నేను నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కుతున్నాను. సీమంతానికి మేడం తప్పకుండా వస్తారని అక్కడొక ఇంట్లో చెప్పిరావాలి. ఎక్కాలో దిగాలో తెలీక మెట్టు మీదే నిలబడిపోతే కండక్టరు కసిరాడు.

మేడం మాకు సోషియాలజీ చెప్పేవారు. ఆడవాళ్ళు ఏం తింటారు, ఎప్పుడు తింటారు, దాంతో వాళ్ళ ఒళ్ళు ఏమవుతుంది అన్నదే ఆమె పరిశోధన. ఇదీ ఒక చదువేనా అని నవ్వినవాళ్ళు మా కాలేజీలోనే ఉన్నారు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆమెకు తోడుగా నేను మొదటిసారి వెళ్ళింది ఆ ఇంటికే, ఆళ్లగడ్డ దగ్గర ఒక రైతుది. ఊళ్ళో దేవర, అమ్మవారి జాతర. పెద్ద చదువుల మేడం కదా అని ఆమెకు మొదటి బంతిలో, మగవాళ్ళ వరసలో ఆకు వేశారు. పొట్టేలు కూర మారు వడ్డించినా మొహమాటపడి తిన్నారు. తర్వాత వంటింట్లోకి పోతే, పొద్దున్నుంచి పొయ్యి దగ్గరున్న ఆ ఇంటి పెద్దమ్మ, ఆమె కోడలు ఒట్టి చారుతో కలుపుకుంటున్నారు. కూర గిన్నె ఊడ్చి నున్నగా ఉంది.

"కూర తిన్నారామ్మా?" అన్నారు మేడం.

"కడుపు నిండా తింటిమి," అంది పెద్దమ్మ.

తిరుగు బస్సులో దిగే ముందు మేడం, "తిన్నావా అని ఆడదాన్ని అడగొద్దు, గిన్నెను అడుగు," అన్నారు.

అప్పటి నుంచి సంజామల పోయినా, బండి ఆత్మకూరు పోయినా ఆమెది అందరూ తిన్నాక ఆడవాళ్ళతో కడ బంతే. వాచీ తీసి సంచిలో వేసుకుని, వంటింటి గోడకు ఆనుకుని కూర్చుని, "కడ బంతికి ఏం మిగిలింది?" అని అడిగేవారు. ఆడవాళ్ళు నవ్వి, మూత తీసి చూపించేవాళ్ళు. జొన్నరొట్టె పోయి వరన్నం రావడం, షుగరు భయంతో కొర్రలు మళ్ళీ పొయ్యెక్కడం, పెళ్ళి ఫోటోల కోసం ఆడపిల్లలు పస్తుండడం, అన్నీ ఆ గోడ పక్కనుంచే చూశారు. "మిగలక పస్తున్నా, సన్నబడాలని పస్తున్నా కడుపుకు ఒకటేనే," అనేవారు.

"ఒక్కసారి మొదటి బంతిలో కూకో మేడమ్మా," అని పెద్దమ్మ ప్రతిసారీ బతిమాలేది.

"మీరు కూర్చున్న రోజు కూర్చుంటా."

పెద్దమ్మ ఆ మాట పట్టుకుంది. మనవరాలి సీమంతానికి మొదటి బంతి ఆడవాళ్ళదేనని ఇంట్లో మగవాళ్ళను ఒప్పించింది. మేడం సరేనన్నారు. ఆ కొద్ది రోజులూ ఉండలేకపోయారు. నా బాధంతా అదే.

సీమంతం జరిగింది. మేము కూర్చున్నాం, మగవాళ్ళు వడ్డించారు. పొయ్యి చూసొద్దామని కోడలు సగంలో లేవబోతే పెద్దమ్మ కొంగు పట్టుకుంది.

"యాడికి పోతాండావ్? కూకో. ఆ యమ్మ సూస్తే ఏమంటది?"

అని తనే ఏడ్చింది. నేను ఆకులో ఏమీ వదల్లేదు.

మేం చేతులు కడుక్కుంటుంటే పెద్దమ్మ కొడుకు ఖాళీ బకెట్టుతో వంటింటి వైపు వచ్చాడు. బాగా ఆకలి మీదున్నాడు.

"అమ్మా, కడ బంతికి ఏమన్నా మిగిలిందా?"

ఆ మాటకు పెద్దమ్మ తడి చేతులతో అలాగే నిలబడి, మేడం ఆనుకునే వంటింటి గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.