మూడు సాధులు, ఒక గోలెం నీళ్లు

నాకు కుదిరిన రెండు సంబంధాలను మా మేనమామ మెచ్చుకునే చెడగొట్టాడు. మూడో సంబంధం ఎల్లారెడ్డిలో ఉందని తెలిసి, మామ లేకుండా పోదామనుకున్నాను. పెద్దదిక్కు లేకుండా పిల్లను చూడబోతే ఏం బాగుంటుందని అమ్మ ఒప్పుకోలేదు. మామ ఏళ్లతరబడి రంగూను బియ్యం మిల్లులో పనిచేసి, యుద్ధం అక్కడిదాకా వచ్చాక తిరిగొచ్చాడు. అక్కడి బౌద్ధులు ఎవరైనా మంచిపని చేస్తే చేతులు జోడించి "సాధు, సాధు, సాధు" అంటారట. పాళీలో బాగు, మేలు అని అర్థం. మనసారా సంతోషించినవాడికీ ఆ పుణ్యంలో పాలు దక్కుతుందట. మామకు ఈ చివరి ముక్క బాగా నచ్చింది. మా దగ్గర మాత్రం అందరూ ఎక్కిరిస్తున్నాడనుకుంటారు.

కామారెడ్డి స్టేషను ముందర పొద్దున్నే బస్సెక్కాం. మనిషికి ఎనిమిదణాలు. పెట్రోలు కరువు కాబట్టి బస్సు బొగ్గు గ్యాసు మీద నడుస్తుంది, ఎత్తు రాగానే మొరాయిస్తుంది. లింగంపేట దగ్గర అందరం దిగి నూకాం. మామ నీడన నిలబడి మూడుసార్లు సాధు అన్నాడు.

"ఏంది పటేలా, నోటితోనే నూకుతున్నవా?" అన్నాడు డ్రైవరు.

"నూకినోల్లకు పుణ్యం, మెచ్చుకున్నోనికి పాలు," అన్నాడు మామ. నాకు తల కొట్టేసినట్లయింది.

మధ్యాహ్నానికి ఎల్లారెడ్డి చేరాం. పిల్ల నాయనమ్మ తలూపితేనే పెండ్లి. మేం పోయేసరికి ఆ అవ్వ వాకిట్లో బావి నుంచి నీళ్లు చేది గోలెం అనే పెద్ద తొట్టిలో పోస్తోంది. వద్దని నేను సైగ చేసేలోపే మామ చేతులు జోడించి సాధు మొదలుపెట్టాడు. అవ్వ చేద ఆపి అర్థమడిగింది. మామ పుణ్యంలో పాలు సంగతితో సహా అంతా వివరించాడు. ఈ సంబంధం కూడా గోవిందా అనుకున్నాను.

"పుణ్యంల పాలడుగుతున్నవు గద అయ్యా, పనిల గూడ తీసుకో. ఆ గోలెం నిండాలె," అని తాడు మామ చేతికిచ్చింది అవ్వ.

మామ అంగీ విప్పి, ఒగరుస్తూ గోలెం నింపాడు. చివరి చేద పోయగానే తలుపు వెనక నుంచి ఆడపిల్ల గొంతు మెల్లగా వినిపించింది. "సాధు, సాధు, సాధు."

అవ్వ పడీపడీ నవ్వింది. "పిల్లకు మీ ఇంటి తీరు తరీక తెలిసిపోయింది. ముహూర్తం పెట్టుకోండ్రి," అంది. నేనింకా పిల్ల మొహమైనా చూడలేదు, అయినా నాకు పట్టరాని సంతోషం.

మెచ్చుకోవడం మంచి అలవాటేనని ఆ రోజు ఒప్పుకున్నాను, చేతులు కాస్త తడవాలి అంతే. తిరుగు ప్రయాణంలో బస్సు మళ్లీ ఆగింది. అందరికంటే ముందు దిగి నూకింది మామే. నేను తలుపు వెనక గొంతునే తలుచుకుంటూ సీట్లోంచి కదల్లేదు.

"సాధు తర్వాత అందువు గాని, దిగి నూకరా పెండ్లికొడకా," అన్నాడు మామ.

ఈ దారిన పోయేవారికి ఒక్క మాట: ధోవతి బిగించి కట్టుకోండి, లింగంపేట దగ్గర దిగక తప్పదు.