కడిగిన పూత

ఫ్యాక్టరీ నుంచి వచ్చే సిమెంటు దుమ్ము పడని వస్తువు మా ఇంట్లో లేదు. కంచమైనా, కుర్చీ అయినా కడిగాకే వాడతాం. అయిదేళ్లుగా పెంచుతున్న మామిడి ఈ మాఘంలో తొలిసారి పూసింది. ఈ రోజు బడిలో పాఠాలు చెప్పి ఇంటికి వచ్చేసరికి పూతంతా రాలి చెట్టు కింద బురదలో పడి ఉంది. అత్తమ్మ చేతిలో నీళ్ల పైపు.

"పూత మీద దుమ్ము పేరుకున్నది బిడ్డా. గట్లుంటె కాయ నిలుస్తదా? అందుకే పైపు వెట్టి మంచిగ కడిగిన," అంది.

కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కరివేపాకు చెట్టును రోజూ అలాగే కడగమని ఆమెకు చెప్పింది నేనే.

పొద్దుగూకేసరికి పూత లేని ఆ కొమ్మల మీద మళ్లీ దుమ్ము పడింది. నిజం చెప్పండి, మీ ఊళ్లో చెట్లు కడగకుండానే కాస్తాయా?