రోలుగుంట పెళ్లిపందిట్లో రెండు కెమెరాలు, ఒక చున్నీ

శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు, రోలుగుంట మండలంలో ఒక పెళ్లివారింటి ముందు, నల్ల కెమెరా మీద బిగించిన ఫ్లాష్ వెలగలేదు. బ్యాటరీలు మార్చాం. వెలగలేదు. ఫ్లాష్ ఊడదీసి, కింది భాగం తుడిచి, మళ్లీ బిగించాం. వెలగలేదు. అదే ఫ్లాష్‌ను వెండి రంగు కెమెరా మీద పెడితే మొదటి నొక్కుకే పందిరంతా తెల్లబడింది. ఈ రెండు కెమెరాలను పోల్చుతూ రాసిన సమీక్షలు చాలానే చదివి బయల్దేరాను. అన్నింట్లోనూ మెగాపిక్సెళ్ల లెక్కలున్నాయి. ఈ ముక్క ఒక్కదాంట్లోనూ లేదు.

మంచు చూడడానికి లంబసింగి వెళ్లే నా పాఠకుల్లో ఎవరో ఒకరు నాకు తరచూ ఒకే ప్రశ్న పంపిస్తారు: మొదటిసారి మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లోపల అద్దం లేని చిన్న రకం, కొంటున్నాం, ఏది తీసుకోమంటారు? ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చాను. ఈసారి తప్పలేదు, ఎందుకంటే అడిగింది మా చిన్నాన్న కూతురు సత్యవతి. నర్సీపట్నంలో ఫొటో స్టూడియో నడుపుతుంది. ఆమె పాత పెద్ద కెమెరా షట్టర్ పోయింది. విడిభాగం ఎప్పుడొస్తుందో రిపేరు చేసేవాడు చెప్పలేకపోతున్నాడు. శనివారం పెళ్లి ఆర్డరుంది. ఈ సీజన్‌లో ఆమెకు దొరికిన పెద్ద ఆర్డరు అదొక్కటే. విశాఖలో నాకు తెలిసిన దుకాణదారు గురువారం ఒక షరతు మీద రెండు కెమెరాలూ ఇచ్చాడు: శుక్రవారమంతా వాడి చూసుకోండి, ఒకటి ఉంచుకోండి, రెండోది అదే రోజు రాత్రి తొమ్మిదిలోపు దుకాణానికి చేరాలి. కెమెరాతోపాటే వచ్చే కిట్ లెన్సుతో కలిపి ఒక్కోటీ అరవై, అరవై ఐదు వేల మధ్యలోదే. కంపెనీల పేర్లు రాయను. రాస్తే వ్యాఖ్యల్లో యుద్ధమే తప్ప పనికొచ్చే మాట ఒక్కటీ రాదు.

మర్నాడు తెల్లవారుజామున విశాఖ బస్ కాంప్లెక్సులో ఐదున్నర బస్సెక్కాను. అనకాపల్లి, తాళ్లపాలెం మీదుగా నర్సీపట్నానికి రెండున్నర గంటలని చెప్తారు. తాళ్లపాలెం దాటాక చెరకు లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా దిగబడడంతో మూడున్నర పట్టింది. టికెట్టు నూట ముప్పై చిల్లర. కెమెరాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, పైన అరలో పెట్టే ధైర్యం లేక. సత్య స్టూడియోకు చేరేసరికి తొమ్మిది. పదిన్నరకల్లా పెళ్లివారింట్లో ఉండాలి. ఆ రోజు పందిరి రాట వేసి, అమ్మాయిని పెళ్లికూతుర్ని చేస్తారు. అవన్నీ తీస్తే కెమెరాలను పరీక్షించినట్టూ ఉంటుంది, ఆర్డరులో సగం పని అయినట్టూ ఉంటుంది. ఇడ్లీ తింటూనే రెండింటితో గోడ మీది గడియారాన్ని తీశాం, వీధిలో పోయే స్కూటర్లను తీశాం. నల్లదానికి కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఉంది. అది మనిషి కన్ను వెతికి పట్టుకుని వదలదు. వెండిదానికి వ్యూఫైండర్ లేదు, వెనకున్న తెర మీదే చూసుకోవాలి. కన్ను పట్టుకోవడంలోనూ కాస్త మందకొడి. సత్య అక్కడికక్కడే నల్లది ఖాయం చేసేసింది. తన పాత ఫ్లాష్ పెట్టి చూద్దామని ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఫ్లాష్ అన్నది ఏ కెమెరా మీదైనా వెలుగుతుందని మా ఇద్దరి నమ్మకం.

వేచి ఉండడంతో కలిపి రానూ పోనూ ఆటోకి ఏడు వందలు. డ్రైవర్ శ్రీను సత్యకు ఎప్పుడూ వచ్చేవాడేనట. గోతుల్లో ఆటో ఎగురుతుంటే, చేతులు వణికినా బొమ్మ నిలబడుతుందా లేదా చూద్దామని వెండి కెమెరాతో రోడ్డును తీశాను.

"ఏటి సార్, మా రోడ్డు పేపర్లో ఏత్తారేటి?" అన్నాడు శ్రీను.

"లేదు, కెమెరా చూస్తున్నాను."

"అలగైతే మా రోడ్డుకి మించింది నేదండి. ఈడ నిలబడ్డ కెమెరా ఎక్కడైనా నిలబడిపోద్ది."

నిలబడలేదు. రెండిట్లో ఏదీ నిలబడలేదు. ఈ ధరలో లోపలే కుదుపు ఆపే ఏర్పాటు ఆశించకండి.

పెళ్లివారింటి ముందు షామియానా, దాని వెనక పెద్ద ఫ్లెక్సీ. వధూవరులు మధ్యలో, చుట్టూ రెండు వైపుల బంధువుల ముఖాలు, పేర్లతో సహా. ఆ ఇంట్లో మాట చెల్లేది పెళ్లికూతురి మేనత్త మంగాయమ్మగారికి. డెబ్బై దాటిన మనిషి. ఫొటోల ఆర్డరు సత్యకిచ్చింది ఆవిడే. సత్య సంచిలోంచి నల్ల కెమెరా తీయగానే ఆవిడ నడక ఆగిపోయింది.

"ఇదేటమ్మా?"

"కెమెరా అండి. కొత్తది."

"పిల్లలాడుకున్నదిలాగుంది. పోయిన్నెల మా వీధిలో పెళ్లికి తెచ్చినోడిది ఇంతుంది," అని ఆవిడ రెండు చేతులూ గుమ్మడికాయ పట్టుకున్నంత దూరంగా పెట్టి చూపించారు. "ఇది మా తమ్ముడి కూతురి పెళ్లి. వొచ్చిన సుట్టాలు సూసి ఏటనుకుంతారు?"

"చిన్నదైనా బొమ్మ దానికంటే బాగా వస్తుందండి."

"బొమ్మ తరవాతొత్తాది. కెమెరా ఇప్పుడు కనిపిత్తాది."

ఇక్కడ పెళ్లివారు ఫొటోగ్రాఫరును తూచేది కెమెరా సైజుతోనే. ఈ సంగతి సత్యకు తెలుసు. పాత కెమెరా అడుగున ఖాళీ బ్యాటరీ గ్రిప్ తగిలించుకుని తిరిగేది, బరువుగా కనిపించడానికే. మిర్రర్‌లెస్ తయారుచేసినవాళ్లు ఎంత చిన్నదైతే అంత గొప్ప అనుకున్నారు. మంగాయమ్మగారిని ఎవరూ అడిగినట్టు లేరు.

"మా ఆడపడుచు కొడుకు నక్కపల్లినుంచి ఎవుర్నో తెత్తానన్నాడు. డ్రోనుందంట. బోయినాలవేళకి సెప్పాల," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. మాకు రెండు గంటలు మిగిలాయి.

మొదట్లో చెప్పిన ఫ్లాష్ వెలగనిది అప్పుడే. షామియానా కింద మనుషులు, వెనక భగ్గుమనే ఎండ. ఫ్లాష్ లేకపోతే ముఖాలు నల్లటి మచ్చల్లా వస్తాయి. దుకాణదారుకు ఫోన్ చేశాను. ఆ కెమెరా మీద ఆ కంపెనీ కొత్త ఫ్లాష్‌లే పనిచేస్తాయని, పాతవాటికి మధ్యలో అడాప్టర్ ఉండాలని, అది తన దగ్గర లేదని, ఆర్డరు పెడితే సోమవారం వస్తుందని ఎంతో మర్యాదగా చెప్పాడు. పెళ్లి శనివారం. ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలేదు కదా సార్," అన్నాడు. నిజమే, అడగలేదు. దానితో నా కోపం ఏమీ తగ్గలేదు.

ఫ్లాష్ లేకుండానే నల్లదానితో కొన్ని తీద్దామని ఇంటివాళ్లందర్నీ వరసగా నిలబెట్టింది సత్య. మంగాయమ్మగారు బయటికొచ్చి మధ్యలో నిలబడ్డారు. తీశాక పెద్దది చేసి చూస్తే, ముందున్నవాళ్లంతా మసక. వెనక ఫ్లెక్సీ మీది ముఖాలు మాత్రం కనురెప్పల వెంట్రుకలతో సహా స్పష్టం. కన్ను వెతకడంలో అంత నేర్పున్న కెమెరా, నీడలోని మనుషుల్ని వదిలేసి ఎండలో మెరుస్తున్న ఫ్లెక్సీ కళ్లను పట్టుకుంది. మంగాయమ్మగారి పక్కనుంచి ఫ్లెక్సీలోని మంగాయమ్మగారు నవ్వుతూ చూస్తున్నారు, నిలబడ్డావిడ మంచులో ఉన్నట్టున్నారు.

"నన్నొగ్గేసి నా బొమ్మని తీసిందేటి ఇది?" అన్నారావిడ, తెరలోకి తొంగి చూసి.

ఇక వెండిదే దిక్కు. ఫ్లాష్‌తో నీడలో బాగానే వచ్చింది. రాట వేయడానికి అందరూ ఎండలోకి నడవగానే దాని సంగతీ తేలిపోయింది. వెనక తెర మీద సత్య ముఖం తప్ప ఏమీ కనిపించలేదు. వెలుతురు పూర్తిగా పెంచాం, చేయి అడ్డం పెట్టాం, లాభం లేదు. నడినెత్తి ఎండకు కళ్ల కింద నల్లటి నీడలు పడుతుంటే ఫ్లాష్ లేని నల్లదాన్ని వాడడానికీ లేదు. అందులోనే వీడియో పెడితే పావుగంటకల్లా వేడెక్కిందని రాసి, తనంతట తానే ఆగిపోయింది. ఒకదానికి చూపుంది, వెలుగు లేదు. రెండోదానికి వెలుగుంది, చూపు లేదు. రెండూ కలిపి దుకాణంలో లక్షా పాతిక వేల సరుకు, ఇక్కడ ఒక్క రాట తీయడానికి సరిపోవడం లేదు.

"అన్నయ్యా, రాట గుంటలో పాలు పోసేస్తున్నారు, ఇంక ఆగరు," అంటూ సత్య విసురుగా మెడలోని చున్నీ లాగి తల మీంచి కప్పుకుంది. ముదురు మెరూన్ రంగు చున్నీ. కెమెరా, ముఖం రెండూ లోపలికి పోయాయి. లెన్సు మాత్రం బయటికుంది. లోపలి చీకట్లో తెర ఆమెకు చక్కగా కనిపిస్తోంది. అలాగే వంగి, మోకాళ్ల మీద కూర్చుని, లేచి, రాట చుట్టూ తిరుగుతూ తీసుకుంటూ పోయింది. నేను రెండుసార్లు ఆమె మోచేయి పట్టుకుని గుంజలకు తగలకుండా ఆపాను.

రాటకు పసుపు రాస్తున్న మంగాయమ్మగారు చేయి ఆపి చూశారు. చుట్టూ ఉన్నవాళ్లను కూడా ఆపారు.

"ఉండండల్లా. సూడండి, సూడండి. నా పెళ్లికి పాయకరావుపేటనుంచి తెచ్చిన ఫొటోలాయన ఇలగే నెత్తిమీద గుడ్డేసుకున్నాడు. మా అయ్య ఎడ్లబండి కట్టించి తెచ్చేడు. ఆ ఫొటో ఇప్పటికీ గోడమీదుంది." తర్వాత సత్యవైపు తిరిగి, "ముందే సెప్పకూడదేటే గుంటా, పాతకాలం పని నేర్సినదానివని! ఒరే, ఆ డ్రోనోడికి వొద్దని ఫోన్ కొట్టండి, బేగి."

సత్య చున్నీలోంచి తల బయటికి తీయలేదు. నవ్వు ఆపుకోవడానికని తర్వాత చెప్పింది.

భోజనాల దగ్గర మంగాయమ్మగారు మరో మాటన్నారు. రేపు సుట్టాలంతా చూసేలా సత్య పొద్దున్నుంచి అలాగే గుడ్డ కప్పుకుని తీయాలట. అయితే శుభమా అంటూ ఆ ముదురు రంగు బాగోదు. గుడ్డ ఆవిడే ఇస్తారట. పసుపు రంగుది, కొత్తది. పసుపు గుడ్డలోంచి వెలుతురు దిగుతుందని, తెర మళ్లీ కనిపించదని సత్య చెప్పబోయింది. "ఇంకొక్క మాటన్నావంటే డ్రోనోణ్ని పిలుత్తాను," అన్నారావిడ, అప్పడం ఆమె విస్తట్లో వేస్తూ.

ముహూర్తం రాత్రివేళ. అప్పుడు ఎండ బాధ ఉండదు, ఫ్లాష్ మాత్రం తప్పదు. కాబట్టి వెండిది ఉంచుకున్నాం. వీడియోకి మధ్యమధ్య ఆపి చల్లబరచాలి. నల్లదాన్ని నేను నాలుగున్నర బస్సులో వెనక్కి తెచ్చి, ఎనిమిది దాటాక దుకాణదారు చేతిలో పెట్టాను. ఎలా ఉందన్నాడు. ఫ్లెక్సీలు తీయడానికి బ్రహ్మాండంగా ఉందన్నాను.

రెండిట్లో ఏది మంచిదని ఇప్పుడడిగినా నా దగ్గర ఒక్క మాట జవాబు లేదు. లంబసింగి మంచులో తెల్లవారుజామున సరదాగా తీసుకునేవారికి నల్లది హాయి. వ్యూఫైండర్ ఉంటే ఏ వెలుతురులోనైనా బొమ్మ కనిపిస్తుంది, అక్కడ ఫ్లాష్‌తో పనుండదు, ఫ్లెక్సీలూ ఉండవు. పాత ఫ్లాష్‌లూ, వాటిని దూరంనుంచి వెలిగించే పాత ట్రిగ్గర్లూ ఉన్నవాళ్లకు వెండిదే దారి. సమీక్షలు రాసేవాళ్లు కెమెరాను కెమెరాతో పోల్చుతారు. మనం దాన్ని పోల్చుకోవలసింది మన సంచిలో ముందునుంచీ ఉన్న సామానుతో, మన పని జరిగే వేళతో. ఈ చిన్న సంగతికి ఒక రోజు, రెండు బస్సులు, బోలెడంత ఓపిక ఖర్చయ్యాయి. మీకు అంత కాకూడదనే ఒక్క సలహా: మీ దగ్గరున్న ఫ్లాష్‌ను దుకాణానికి పట్టుకెళ్లి, కొనబోయే కెమెరా మీద బిగించి, ఒక్కసారి వెలిగించి చూశాకే డబ్బు కట్టండి.

రేపు ఉదయం ఎనిమిదికి మంగళస్నానాలు, ఆరుబయట, తూర్పు ఎండలో. పసుపు గుడ్డ ఏడింటికల్లా స్టూడియోకు పంపిస్తామన్నారు. దాని లోపలివైపు మెరూన్ చున్నీని పిన్నులతో తగిలించుకోవడానికి సత్య ఆరున్నరకే స్టూడియో షట్టరు ఎత్తుతుంది.